అడిగేవారిని బట్టి అంకె

2010లో అమెరికాలో ఎన్ని అత్యాచారాలు జరిగాయి? ఎఫ్‌బీఐ వార్షిక నివేదిక తిరగేస్తే 84,767 అని ఉంటుంది. న్యాయశాఖకే చెందిన గణాంక విభాగం జనాన్ని సర్వే చేసి అదే ఏడాదికి 1,88,380 అంది. అందులో ఇతర లైంగిక దాడులూ కలిసి ఉన్నాయి, బాధితుల్లో కొద్దిమంది మగవాళ్లూ ఉన్నారు. ఆరోగ్యశాఖ కింద ఉండే సీడీసీ వాళ్లు ఆ ఏడాదే ఫోన్లు చేసి అడిగి, అంతకు ముందరి పన్నెండు నెలల్లో దాదాపు 12 లక్షల 70 వేల మంది స్త్రీలు అత్యాచారానికి గురయ్యారని తేల్చారు. దేశం ఒకటే, లెక్కగట్టిన మూడు చేతులూ ప్రభుత్వానివే. మొదటి అంకెకూ చివరి అంకెకూ మధ్య పదిహేను రెట్ల ఎడం.

ఇలాంటి తేడా బయటపడగానే పెద్ద అంకె స్త్రీవాదుల అతిశయోక్తి అంటారు కొందరు, చిన్న అంకె పోలీసుల దాపరికం అంటారు ఇంకొందరు. కాకిలెక్కలని మూడింటినీ కలిపి తోసేసేవారూ ఉన్నారు. నా మటుకు నాకు మూడూ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన లెక్కలుగానే కనిపిస్తాయి. కాకపోతే మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. పోలీసు స్టేషన్ గుమ్మం ఎక్కిన ఫిర్యాదులెన్ని అన్నది మొదటి ప్రశ్న. తన మీద నేరం జరిగిందని భావించి సర్వేలో చెప్పినవాళ్లెందరు అన్నది రెండోది. నేరమని పేరు పెట్టుకున్నా లేకున్నా ఆ అనుభవం ఎదురైనవాళ్లెందరు అన్నది మూడోది. చిక్కల్లా, ఈ తేడా విప్పి చెప్పే బాధ్యత ఏ ఒక్క శాఖా తీసుకోకపోవడం.

ఈ మాట అన్నది బయటివాళ్లు కాదు, అమెరికన్ కాంగ్రెస్ తరఫున ప్రభుత్వ పనితీరును తనిఖీ చేసే జీఏఓ. 2016 జులైలో విడుదల చేసిన నివేదికలో అది లెక్క తీసింది: రక్షణ, విద్య, ఆరోగ్య, న్యాయ శాఖలు నాలుగూ కలిసి లైంగిక హింస మీద కనీసం పది రకాల సమాచార సేకరణలు నడుపుతున్నాయి, వాటిలో 23 వేర్వేరు పదాలు వాడుతున్నాయి. 2011 సంవత్సరానికే ఒక చోట 2,44,190 ఘటనలు అని, మరో చోట 19,29,000 మంది బాధితులు అని అంచనాలు వచ్చాయి. ఒకటి ఘటనల్ని లెక్కపెడుతుంది, ఇంకొకటి మనుషుల్ని. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి హింస పెరిగిందా తగ్గిందా అని తేల్చబోతే మిగిలేది గందరగోళమే.

ముందు పోలీసు లెక్క సంగతి. 1930 నుంచి ఎఫ్‌బీఐ దేశమంతటి పోలీసు విభాగాల దగ్గర నేరాల చిట్టా సేకరిస్తోంది. పంపాలా వద్దా అన్నది చాలావరకు ఆ విభాగాల ఇష్టం. కేంద్రం ఆదేశిస్తే జిల్లా ఎస్పీ ఆఫీసు దాకా కదిలే మన పద్ధతి అక్కడ లేదు. ఆ చిట్టాలో అత్యాచారానికి వాడిన నిర్వచనం 1927 నాటిది. బలప్రయోగం ఉండాలి, బాధితురాలు స్త్రీయే కావాలి, ఒక్క రకపు సంభోగమే లెక్కలోకి వస్తుంది. మత్తులో ఉన్న మనిషి మీద జరిగినది, పురుషుడి మీద జరిగినది, వస్తువుతో చేసినది దేశపు చిట్టాకు ఎక్కేవి కావు. ఎనభై ఏళ్లకు పైగా ఇదే సాగింది. 2012 జనవరిలో అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ కొత్త నిర్వచనం ప్రకటించారు. 2013 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది అంకె ఎగబాకితే అది నేరం పెరగడం వల్ల కాదని గ్రాఫుల కింద చిన్న అక్షరాల్లో రాస్తూ వచ్చారు. చిన్న అక్షరాలు చదివేవారెందరు?

నిర్వచనం మార్చాలని పట్టుబట్టినవారిలో ఫిలడెల్ఫియాకు చెందిన విమెన్స్ లా ప్రాజెక్ట్ ముందుంది. దాని వెనక ఒక కథ ఉంది. ఆ నగర పోలీసుల్లో లైంగిక నేరాల విభాగం ఏళ్ల తరబడి వేల ఫిర్యాదుల్ని నేరం కాని ఒక కోడ్ కింద పడేసి, దర్యాప్తు లేకుండా అటక ఎక్కించిందని 1999లో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక బయటపెట్టింది. కమిషనర్ జాన్ టిమొనీ పాత ఫైళ్లు తిరగతోడించారు. వాటిలో వందల కేసులు అత్యాచారాలుగా నమోదు కావలసినవని తేలింది. అక్కడితో ఆగి ఉంటే అదొక కుంభకోణంగా మిగిలిపోయేది. కానీ ఆయన మహిళా సంఘాల న్యాయవాదుల్ని పిలిచి, ఏటా ఫైళ్లు తెరిచి చూడమన్నారు. నేరం కాదని మూసేసిన కేసుల్ని పోలీసేతరులు చదివి, ఇది ఎందుకు మూశారని అడగడం అప్పటినుంచి ఆనవాయితీ అయింది. నా లెక్కన గత పాతికేళ్లలో ఈ రంగంలో జరిగిన అత్యుత్తమ సంస్కరణ ఇదే. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఫైలు చూసే రెండో జత కళ్లు చాలు. దేశంలో దీన్ని అందిపుచ్చుకున్న నగరాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే.

ఫిలడెల్ఫియా ఒక్కటే అలా చేసిందనుకోవడానికి లేదు. న్యాయశాస్త్ర ఆచార్యుడు కోరీ యంగ్ 2014లో లక్షకు పైబడిన జనాభా ఉన్న నగరాల్లో 210 పోలీసు విభాగాల అంకెల్ని గణిత పద్ధతుల్లో జల్లెడ పట్టి, వాటిలో 22 శాతం అత్యాచారాల్ని తక్కువ చేసి చూపిస్తున్నాయని తేల్చారు. అంతకు ముందు, 2009లో డెట్రాయిట్‌లో ఒక పోలీసు గోదాములో పరీక్షకు నోచుకోని అత్యాచార సాక్ష్యాల పెట్టెలు పదకొండు వేలకు పైగా దొరికాయి. ఒంటి మీది గాయాల్ని గంటల తరబడి పరీక్ష చేయించుకుని సాక్ష్యం ఇచ్చి వెళ్లిన స్త్రీలకు సంబంధించినవవి. అలాంటి పెట్టెలు దేశం మొత్తం మీద ఎన్ని ఉన్నాయో అప్పటికి ఏ శాఖ దగ్గరా లెక్క లేదు.

పోలీసు చిట్టాకు ఇంకో జబ్బు ఉంది, అది మనకూ తెలిసినదే. ఒకే ఘటనలో నాలుగు నేరాలు జరిగితే అన్నిటికన్నా పెద్దదాన్ని మాత్రమే లెక్కలో వేయడం. అత్యాచారం చేసి చంపితే హత్య ఒక్కటే మిగులుతుంది. మన జాతీయ నేర గణాంక సంస్థ ఎన్‌సీఆర్‌బీ కూడా ఎఫ్‌ఐఆర్‌లోని ప్రధాన నేరాన్నే లెక్కిస్తుంది. ఈ పద్ధతి వదిలించుకోవడానికి అమెరికా 1980లలోనే ఘటన ఆధారిత నమోదు విధానాన్ని రూపొందించింది. ఒక్కో ఘటనకూ బాధితురాలికి నిందితుడు ఏమవుతాడు, ఆయుధం ఏది, ఎక్కడ, ఏ సమయంలో అన్నీ నమోదవుతాయి. భర్త చేతి దెబ్బకూ, వీధిలో తగాదాకూ తేడా తెలిసేది ఇందులోనే. పంపేవారెవరైనా ఈ పద్ధతిలోనే పంపాలని ఎఫ్‌బీఐ షరతు పెట్టింది మాత్రం 2021 జనవరి 1 నుంచి. ఆ రోజుకు న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి మహానగరాలే సిద్ధంగా లేవు. ఆ ఏడాది అంకెలు పంపిన విభాగాల పరిధి దేశ జనాభాలో మూడింట రెండు వంతులకు అటూఇటూ. మరుసటి ఏడాదే ఎఫ్‌బీఐ వెనక్కి తగ్గి, 2022కి పాత పద్ధతి లెక్కల్ని కూడా స్వీకరించింది. ముప్ఫై ఏళ్లకు పైగా వ్యవధి ఇచ్చినా నగరాలు సాఫ్ట్‌వేర్ మార్చుకోలేదంటే, అది సాంకేతిక సమస్య కాదు. అడిగేవాడికి అధికారం లేకపోవడం.

ఇక సర్వేల చరిత్ర. ఫిర్యాదుల్ని నమ్ముకుంటే నిజం తెలియదని 1970ల నాటికే అందరికీ అర్థమైంది. పైన చెప్పిన రెండో అంకెకు మూలమైన జాతీయ నేర సర్వేను 1972లో జనగణన శాఖ చేత మొదలుపెట్టించారు. నమ్మశక్యం కాని విషయం, ఆ సర్వే అత్యాచారం గురించి సూటిగా అడిగేది కాదు. మీ మీద ఎవరైనా దాడి చేశారా అని అడిగి, ఆమె తనంతట తాను చెబితే రాసుకునేవారు. ఇరవై ఏళ్ల తర్వాత 1992లో ప్రశ్నల్ని తిరగరాశారు. సూటిగా అడగ్గానే అత్యాచారాల అంచనా రెండున్నర రెట్లయింది. దేశంలో ఏమీ మారలేదు, ప్రశ్న మారింది.

ఆ మార్పుకు దారి వేసింది మేరీ కాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1980ల మధ్యలో 32 కళాశాలల్లో 6,159 మంది విద్యార్థుల్ని ఆమె సర్వే చేశారు. మీ మీద అత్యాచారం జరిగిందా అని అడగకుండా, జరిగిన పనిని వర్ణించి, మీకు ఇష్టం లేకపోయినా బలవంతంగా ఇలా చేశారా అని అడిగారు. నాలుగో వంతుకు పైగా విద్యార్థినులు అత్యాచారమో, ఆ ప్రయత్నమో ఎదుర్కొన్నామన్నారు. చట్టప్రకారం అత్యాచారమే అయిన అనుభవం ఉన్నవారిలోనూ మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది దాన్ని ఆ పేరుతో పిలవలేదు. దీని మీద వచ్చిన విమర్శ ఇప్పటికీ ఆగలేదు: ఆమె అనుకోనిదాన్ని మీరెలా అంటారు అని. ఆలోచించదగ్గ అభ్యంతరమే. కానీ చెంప పగలగొట్టిన మొగుణ్ని, హింసించాడా అంటే లేదు, ఏదో కోపంలో చెయ్యి చేసుకున్నాడు అనే ఇల్లాలు ఎవరికి తెలియదు? పేరు అడిగితే రాని సమాధానం పని అడిగితే వస్తుంది.

పని అడగడంలోనూ తప్పుదారి ఉంది. సామాజిక శాస్త్రవేత్త ముర్రే స్ట్రాస్ బృందం 1975లో, మళ్లీ 1985లో కుటుంబ హింస మీద దేశవ్యాప్త సర్వేలు చేసింది. తోసిన, కొట్టిన, తన్నిన సందర్భాలు లెక్కపెట్టే కొలమానం ఒకటి తయారుచేసింది. ఆ కొలమానం మీద భార్యలు భర్తల్ని కొట్టడమూ ఇంచుమించు సమానంగా తేలింది. ఎందుకు కొట్టారు, ఎవరు ముందు, ఎవరికి ఎముకలు విరిగాయి, ఎవరు భయంతో బతుకుతున్నారు అన్నవి ఆ ప్రశ్నల్లో లేవు. రెబెక్కా డోబాష్, రసెల్ డోబాష్ వంటివారు దీన్ని గట్టిగా ఖండించారు. భయం, గాయం, పదేపదే జరగడం కలపకుండా దెబ్బల్ని మాత్రమే లెక్కపెడితే వచ్చేది గోడకు వేలాడదీసిన స్కోరుబోర్డు.

1994 సెప్టెంబరులో వచ్చిన స్త్రీలపై హింస నిరోధక చట్టం పరిశోధనకు తలుపులు తీసింది. పాట్రీషియా జాడెన్, నాన్సీ థోన్స్ 1995–96లో ఎనిమిది వేల మంది స్త్రీలను, ఎనిమిది వేల మంది పురుషులను ఫోన్లో అడిగి చేసిన సర్వే దాని ఫలాల్లో ఒకటి. సీడీసీ సర్వే 2010లో మొదలైంది. ఇది హింసను నేరంగా కాక ఆరోగ్య సమస్యగా చూస్తుంది. శారీరక, లైంగిక హింస, వెంటాడి వేధించడం వేటికవి అడుగుతుంది. జీవితకాలంలో భర్త లేదా సహచరుడి చేతిలో వీటిలో ఏదో ఒకటి ఎదుర్కొన్న స్త్రీలు 47.3 శాతమని 2016–17 సర్వే చెప్పింది. అయితే ఫోన్ ఎత్తేవాళ్లు తగ్గిపోయారు. ఆ విడతలో స్పందన పది శాతం కూడా లేదు. తూకాలు వేసి సరిచేశామన్నా, ఎత్తని తొంభై మంది ఎలాంటివాళ్లన్న అనుమానం మిగిలే ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో ఆరోగ్యశాఖలో జరిగిన ఉద్యోగాల కోత సీడీసీలో హింస నివారణ విభాగాన్నీ తాకింది. లెక్కలు ఆపితే సమస్య తగ్గినట్టు కనిపించడం ఏ ప్రభుత్వానికైనా సుఖమే.

నేర సర్వే విషయానికొస్తే దాని బలం పరిమాణం. ఏడాదికి దాదాపు రెండు లక్షల నలభై వేల మందిని అడుగుతారు. అయినా 2017లో 3,93,980గా ఉన్న అత్యాచారాలు, లైంగిక దాడుల అంచనా మరుసటేడు 7,34,630కి లేచి, 2019లో 4,59,310కి దిగింది. నమూనాలో అలాంటి ఘటనలు చెప్పేవారు కొద్దిమందే ఉంటారు కాబట్టి నలుగురు అటైతే దేశం లెక్క అటు ఒరుగుతుంది. ఇంట్లో పన్నెండేళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ అడగడం ఈ సర్వే పద్ధతి. కొట్టిన మనిషి పక్క గదిలో ఉండగా, తనకూ ఇవే ప్రశ్నలు వస్తాయని తెలిసి ఉండగా, ఆమె ఏం చెబుతుంది? జాతీయ పరిశోధన మండలి 2013లో ఇదంతా పరిశీలించి, లైంగిక హింసకు నేర సర్వేతో సంబంధం లేకుండా విడిగా సర్వే పెట్టమని సిఫారసు చేసింది. ఏకాంతం, ఒంటరిగా జవాబిచ్చే వీలు, ఆరోగ్యం పేరుతో పరిచయం, పనిని వర్ణించే ప్రశ్నలు అందులోని ముఖ్యాంశాలు. నేర సర్వే ప్రశ్నల్ని తర్వాత మరోసారి సవరించారు. కాస్త మేలే. మండలి అడిగింది మాత్రం అది కాదు.

చనిపోయినవారి లెక్క సులువు అనుకుంటాం. అదీ కాదు. ఎఫ్‌బీఐ పాత హత్యల నమోదు పత్రంలో భార్య, మాజీ భార్య, ప్రియురాలు అనే గడులున్నాయి, మాజీ ప్రియురాలికి గడి లేదు. విడిపోయాక పగబట్టి చంపినవాణ్ని పరిచయస్తుడని రాసేవారు. విడిపోయే సమయమే అన్నిటికన్నా ప్రమాదకరమని జాన్స్ హాప్కిన్స్ ఆచార్యురాలు జాక్లిన్ క్యాంప్‌బెల్ పరిశోధనలు ఎప్పుడో చెప్పాయి. మరణ ధ్రువపత్రం, పోలీసు నివేదిక, శవపరీక్ష మూడూ కలిపి చదివే సీడీసీ హింసాత్మక మరణాల నమోదు 2002లో ఆరు రాష్ట్రాలతో మొదలై, యాభై రాష్ట్రాలకూ చేరేసరికి 2018 వచ్చింది. 2021లో హతులైన స్త్రీలలో 34 శాతం మందిని భర్తో సహచరుడో చంపాడు; పురుషుల్లో అలా చనిపోయినవారు ఆరు శాతం. ఒక్కో మరణాన్నీ వెనక్కి తవ్విచూసే సమీక్షా సంఘాలు ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. వీటికి మూలం 1990లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక స్త్రీ హత్య. ఆమె పోలీసుల దగ్గరికీ కోర్టుకీ వెళ్లింది, రక్షణ ఉత్తర్వు తెచ్చుకుంది, అయినా భర్త చంపేశాడు. ఆమె తట్టిన తలుపులన్నిటి రికార్డులూ నగర మహిళా కమిషన్ తెప్పించి చూస్తే, ఒక ఆఫీసుకు తెలిసింది ఇంకో ఆఫీసుకు తెలియలేదని బయటపడింది.

లెక్కకే రానివారిలో మొదట చెప్పుకోవలసింది మూలవాసి స్త్రీల సంగతి. సియాటిల్‌లోని అర్బన్ ఇండియన్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ 2018 నివేదిక ప్రకారం, 2016లో తప్పిపోయిన మూలవాసి స్త్రీలు, బాలికల గురించి 5,712 నివేదికలు జాతీయ నేర సమాచార కేంద్రానికి చేరాయి. అదే న్యాయశాఖ నడిపే తప్పిపోయినవారి డేటాబేస్‌లో ఉన్నవి 116. పోలీసు రికార్డుల్లో ఆమె తెగ పేరు రాయరు, కొన్ని చోట్ల తెల్లజాతి అనో స్పానిష్ మూలాలనో రాసేస్తారు. బతికి ఉండగా మనిషికి ఒక జాతి, పోలీసు కాగితం మీద ఇంకో జాతి.

ఆ తర్వాతి వరుసలో మనవాళ్లు. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2017 నాటికే నాలుగు లక్షలు దాటారు. స్త్రీలపై హింస సర్వేల్లో వాళ్లు ఎక్కడున్నారని వెతికితే, ఆసియన్ అనే ఒక్క గడిలో చైనా, వియత్నాం, ఫిలిప్పీన్స్ వారితో కలిసి ఉన్నారు. ఆ గడి సగటు ఎప్పుడూ అన్ని జాతులకన్నా తక్కువే వస్తుంది. దాన్ని చూసి ఆసియా కుటుంబాల్లో హింస తక్కువ అని రాసేవారికి కొదవ లేదు. సీడీసీ సర్వే జరిగేది ఇంగ్లీషులో, స్పానిష్‌లో. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో పెళ్లయి వచ్చిన ఆరునెలల కొత్తకోడలికి తెలియని నంబరు నుంచి ఫోను వచ్చి, ఇంగ్లీషులో పడకగది ప్రశ్నలు అడిగితే పెట్టేయక ఏం చేస్తుంది?

విడిగా అడిగితే ఏం వస్తుందో బోస్టన్‌లో తేలింది. అనితా రాజ్, జే సిల్వర్‌మన్ ఆ నగర పరిసరాల్లో 160 మంది దక్షిణాసియా స్త్రీలను అడిగి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు 40 శాతం మంది ప్రస్తుత భర్త లేదా సహచరుడి చేతిలో శారీరక లేదా లైంగిక హింస అనుభవించామన్నారు. చిన్న నమూనా, దేశానికంతటికీ వర్తింపజేయలేం. కానీ ఆసియన్ గడి సగటును నమ్మకూడదని చెప్పడానికి చాలు. న్యూజెర్సీలో 1985లో పుట్టిన మానవి, న్యూయార్క్‌లో 1989లో మొదలైన సఖి, కాలిఫోర్నియాలోని మైత్రి లాంటి సంస్థల ఫోన్లు మోగుతూనే ఉన్నాయన్నది అందరికీ తెలిసిన సంగతే.

అంకె లేకపోవడం వల్ల పోయేదేమిటంటే, చట్టంలో చోటు. అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కొడితే, భార్య అతని ప్రమేయం లేకుండా తానే నివాస హక్కుకు దరఖాస్తు చేసుకునే వీలును 1994 చట్టం ఇచ్చింది. హెచ్‌1బీ ఉద్యోగ వీసా ఉన్న భర్త కొడితే, అతని మీద ఆధారపడిన హెచ్‌4 వీసా భార్యకు ఆ దారి లేదు. విడాకులైతే వీసా పోతుంది. పోలీసులకు సహకరించిన బాధితులకిచ్చే యూ వీసాలు ఏడాదికి పదివేలే, నిరీక్షణ ఏళ్ల తరబడి. హెచ్‌4 వారికి ఉద్యోగ అనుమతి 2015లో వచ్చింది, అదీ భర్త గ్రీన్‌కార్డు వరుసలో ముందుకు వెళ్లినప్పుడే. ఇలా చిక్కుకున్న స్త్రీలు ఎందరని చట్టసభ సభ్యుడు అడిగితే చూపించడానికి ప్రభుత్వ పత్రం ఒక్కటీ లేదు.

2024 మార్చిలో బైడెన్ ప్రభుత్వం జాతి, మూలాల ప్రశ్నల్ని సవరించి, ఆసియన్ గడి కింద భారతీయులు, చైనీయులు అంటూ విడివిడిగా అడగాలని అన్ని శాఖలకూ నిర్దేశించింది. మంచి పనే. కానీ గడి పెరిగినంత మాత్రాన నమూనాలో మనుషులు పెరగరు. సీడీసీ 2010లో మూలవాసి స్త్రీలను ప్రత్యేకంగా ఎక్కువమందిని ఎంచి అడిగించింది. అందువల్లే వారిలో 84 శాతానికి పైగా జీవితంలో ఏదో ఒక హింస ఎదుర్కొన్నారని 2016లో న్యాయశాఖ పరిశోధన సంస్థ చెప్పగలిగింది. దక్షిణాసియా స్త్రీల విషయంలోనూ అదే చేయాలి, వారి భాషల్లో చేయాలి.

ఈ ఒక్క విషయంలో అమెరికా మన దగ్గర నేర్చుకోవచ్చు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో శిక్షణ పొందిన మనిషి ఇంటికి వెళ్లి, ఆ ఇంట్లో ఒక్క స్త్రీనే ఎంచుకుని, ఎవరూ లేనప్పుడు, ఆమె భాషలో అడుగుతుంది. ఎవరైనా వస్తే ఆ ప్రశ్నలు ఆపేస్తుంది. 2019–21 విడతలో భర్త హింస ఎదుర్కొన్న పెళ్లయిన స్త్రీలు దేశంలో 29 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30, తెలంగాణలో దాదాపు 37 శాతం అని తేలింది. ఈ సర్వేలోనూ దాచేవాళ్లు దాస్తారు. కానీ నల్గొండ పల్లెలో ఉన్న అక్క లెక్కలోకి వచ్చింది. డాలస్‌లో ఉన్న చెల్లెలు రాలేదు.

లెక్క పెంచాలన్న తొందరలో మనిషిని ప్రమాదంలో పెట్టే అవకాశమూ ఉంది. ఆశ్రయ కేంద్రాలు బాధితురాలి వివరాలు బయటపెట్టకూడదని అమెరికా చట్టమే చెబుతుంది. వీసా అధికారులకు పేరు చేరుతుందన్న భయం ఉంటే వలస వచ్చిన స్త్రీ నోరు విప్పదు. గృహహింస నిర్మూలన సంస్థల జాతీయ సమాఖ్య 2006 నుంచి ఏడాదికొక రోజు, ఇరవైనాలుగు గంటలపాటు, పేర్లు లేకుండా ఎంతమందికి సాయం అందింది, ఎంతమందిని చోటు లేక తిప్పి పంపారు అని మాత్రమే లెక్క తీస్తోంది. ఆ పద్ధతి ఎవరికీ హాని చేయదు.

అమెరికాలోని తెలుగు సంఘాలు ఆ పని రేపే మొదలుపెట్టవచ్చు. మహాసభలకు కోట్లు ఖర్చుపెట్టే శక్తి ఉంది, దాదాపు ప్రతి సంఘానికీ ఏదో ఒక సహాయ విభాగం ఉంది. ఏడాదిలో ఎన్ని ఫోన్లు గృహహింస గురించి వచ్చాయి, ఎన్నింటిని సర్దుకుపొమ్మని చెప్పి పెట్టేశారు, ఎన్నింటికి న్యాయవాదిని చూపించారు అన్నది పేర్లు తీసేసి ప్రచురించండి. తెలుగులో అడిగే సర్వే కావాలని మీ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యులకు రాయండి. పరువు పోతుందన్న జంకుతో ఈ అంకె దాచేది మనమే అయినంత కాలం వాషింగ్టన్‌ను తప్పుపట్టే హక్కు మనకు సగమే.